ఎవరి చేతిలో పెట్టి పోవాలి

కుక్క లేకుండా స్వర్గానికి రానన్న ధర్మరాజు కథ తెలియని తెలుగు ఇల్లు ఉండదు. ద్రౌపది, నలుగురు తమ్ముళ్లు ఒకరి తర్వాత ఒకరు దారిలో పడిపోయారు. చివరిదాకా వెంట నడిచింది ఎవరూ పిలవని కుక్క ఒక్కటే. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కలున్నవాళ్లకు అక్కడ చోటు లేదంటాడు. నమ్మి వెంట వచ్చినదాన్ని వదిలేస్తే దక్కే స్వర్గం నాకక్కర్లేదంటాడు ధర్మరాజు. తిక్కన పుణ్యమా అని ఈ జవాబు వందల ఏళ్లుగా మన నోట్లో సిద్ధంగా ఉంది. అయితే ధర్మరాజుకు ఒక వెసులుబాటు దొరికిందని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఆ మంచుకొండ మీద ఇంకో ఇల్లు లేదు. "కింద ఊళ్లో మంచి కుటుంబం ఒకటుంది, పెరడుంది, పిల్లలున్నారు, కుక్కను బాగా చూసుకుంటారు, నువ్వు రథమెక్కు" అని ఇంద్రుడు అనలేదు. అని ఉంటే ఆ పర్వం ఎలా నడిచేదో!

అలా అడిగిన సినిమాలు రెండున్నాయి. ఒకటి 1952లో ఇటలీలో విట్టోరియో డి సికా తీసిన 'ఉంబెర్తో డి'. రెండోది 2008లో అమెరికాలో కెల్లీ రైకార్ట్ తీసిన 'వెండీ అండ్ లూసీ'. రెండింటిలోనూ మనిషి దగ్గర డబ్బు అయిపోతుంది, కుక్క తప్పిపోతుంది, బందెలదొడ్డిలో వెతుకులాట ఉంటుంది, చివరికి ఎదిగిన కుక్కను ఇంకొకరి చేతిలో పెట్టడమా మానడమా అన్న చోటికి కథ చేరుతుంది. విమర్శకులు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడం కొత్తేమీ కాదు. రెండోదాన్ని మొదటిదానికి వారసురాలిగా చెబుతారు. పేదరికం వరకు ఆ మాట నిజమే. కుక్క విషయానికొస్తే మాత్రం రైకార్ట్ సినిమా డి సికాకు ఎదురు తిరిగిన కూతురని నా ఉద్దేశం. మన వైపు నుంచి మూడోదాన్నీ పక్కన పెడతాను: కిరణ్‌రాజ్ కన్నడంలో తీయగా, రానా సమర్పణలో 2022 జూన్ 10న తెలుగులోకీ వచ్చిన '777 చార్లీ'. దాని దగ్గర ఎక్కువసేపు ఆగను.

ఉంబెర్తో రిటైరైన ప్రభుత్వోద్యోగి. పింఛను పెంచమని ముసలివాళ్లు చేసే ఊరేగింపును పోలీసులు చెదరగొట్టడంతో సినిమా మొదలవుతుంది. రోమ్‌లో ఆయనుండే అద్దెగదికి 15,000 లీరాలు బాకీ. ఆయన లేని వేళ ఇంటావిడ ఆ గదిని గంటల లెక్కన జంటలకు ఇస్తుంటుంది. వాచీ అమ్ముతాడు, పుస్తకాలు అమ్ముతాడు, అయినా బాకీ తీరదు. నా అన్నది ఆయనకు ఫ్లైక్ ఒక్కటే: తెల్లటి ఒంటి మీద గోధుమరంగు మచ్చలున్న, ఫలానా జాతి అని చెప్పలేని చిన్న కుక్క. ఉంబెర్తోగా కనిపించే కార్లో బట్టిస్టి అంతకుముందు నటుడు కాడు, ఫ్లోరెన్స్‌లో భాషాశాస్త్ర ఆచార్యుడు. అందుకేనేమో, ఆయన కుక్కతో మాట్లాడుతుంటే మనకు వినిపించాలని మాట్లాడుతున్నట్టు ఉండదు. కుక్కల సినిమాల్లో ఇది అరుదైన సుగుణం. మామూలుగా హీరో కుక్కకు చెప్పేవన్నీ బాల్కనీలో కూర్చున్నవాళ్లకు చెప్పేవే. డి సికా ఈ సినిమాను తన తండ్రికి అంకితమిచ్చాడు, ఆయన పేరూ ఉంబెర్తోనే. అప్పటి ప్రభుత్వంలో సినిమా వ్యవహారాలు చూస్తున్న జూలియో ఆంద్రెయోత్తికి మాత్రం ఇది నచ్చలేదు. ఇలాంటి సినిమాలు దేశానికి చెడ్డపేరు తెస్తాయని బహిరంగ లేఖ రాశాడు.

గొంతు నొప్పి, జ్వరంతో ఉంబెర్తో ఆస్పత్రిలో చేరతాడు. మరికొన్నాళ్లు తిండీ పడకా దొరుకుతాయని జపమాల పట్టుకుని భక్తి కూడా నటిస్తాడు. తిరిగొచ్చేసరికి కుక్క లేదు. ఇంటావిడ తలుపు తెరిచి ఉంచిందట, అది బయటికి పోయిందట. బందెలదొడ్డికి పరుగెడతాడు. అక్కడ ఎవరూ విడిపించుకోని కుక్కల్ని విషవాయువుతో చంపే గది ఉంది. పక్కన ఇంకొకాయన, తన కుక్కను విడిపించుకోవడానికి కట్టాల్సిన రుసుము చాలక తటపటాయిస్తుంటాడు. సినిమా ఆయన్ను అక్కడే వదిలేసి ముందుకు పోతుంది. ఫ్లైక్ దొరికాక కలిగే ఆనందం ఆయన వల్ల సగానికి సగం తగ్గిపోతుంది, తగ్గాలనే డి సికా ఆయన్ను అక్కడ నిలబెట్టాడు.

ఆరోగ్యంగా ఉన్న కుక్కను బందెలదొడ్లో చంపకూడదన్న చట్టం ఇటలీలో 1991లో గాని రాలేదు. మనం 2001 నాటి జంతు జనన నియంత్రణ నియమాలతో ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న వీధిలోనే వదిలే పద్ధతికి వచ్చాం. ఆ నియమాలను 2023లో తిరగరాశారు. 2025 ఆగస్టులో ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని సుప్రీంకోర్టు ఆదేశించడం, పదకొండు రోజులకు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించడం తెలిసిందే. రెండు పక్షాలూ టీవీల్లో గొంతు చించుకుంటున్న ఆ రోజుల్లో నాకు పెద్దగా వినపడని ప్రశ్న ఒకటుంది. షెల్టర్‌కు చేరిన ఏడెనిమిదేళ్ల కుక్క అక్కణ్నుంచి ఎక్కడికి పోతుంది? దత్తత శిబిరం పెడితే కుక్కపిల్లలు మధ్యాహ్నానికల్లా ఖాళీ అవుతాయి. మూతి నెరిసినవి సాయంత్రం అదే వ్యానులో వెనక్కి వెళ్తాయి.

రైకార్ట్ సినిమాలో బందెలదొడ్డి వేరుగా ఉంటుంది. వెండీ అనే అమ్మాయి అలాస్కాలో చేపల ఫ్యాక్టరీలో పని దొరుకుతుందని ఇండియానా నుంచి పాత కారులో బయల్దేరింది. ఆరెగాన్‌లో కారు ఆగిపోయింది. తన కుక్క లూసీ కోసం తిండి దొంగిలించి దుకాణంలో పట్టుబడింది. పోలీసులు విడిచిపెట్టేసరికి బయట కట్టేసిన లూసీ లేదు. వెతుక్కుంటూ వెళితే అక్కడ చంపే గది కనపడదు. కెమెరా మెల్లగా బోనుల వెంట నడుస్తుంది. ఒక్కో బోనులో ఒక్కో కుక్క, మొరిగేవి, మూల చూసేవి, ఏదీ లూసీ కాదు. డి సికా మనల్ని యంత్రంతో భయపెట్టాడు. రైకార్ట్ వరసతో భయపెట్టింది. నాకు రెండోదే ఎక్కువ గుచ్చుకుంది. యంత్రాన్ని చూస్తే కోపం వస్తుంది, కోపానికి ఎదురుగా ఎవరో ఒకరుంటారు. వరస చూస్తే మాత్రం మనమే లెక్క వేసుకోవడం మొదలుపెడతాం: వీటిలో ఒక్కదాన్ని నేను తీసుకెళితే మిగిలినవి? ఫారంలో వెండీ రాయాల్సిన గడులు కూడా అలాంటివే. చిరునామా లేదు, ఫోను లేదు. కుక్క దొరికినా ఆమెకు కబురందే దారి, ఒక మందులషాపు ముందు కాపలా కాసే ముసలి గార్డు తన ఫోను వాడుకోనివ్వడం వల్లే ఏర్పడుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఉంబెర్తో ఇల్లు ఖాళీ చేస్తాడు, చావాలని నిశ్చయించుకుంటాడు. అంతకుముందు ఫ్లైక్‌కు ఒక చోటు చూడాలి. సినిమా చివరి భాగమంతా ఈ చోటు వెతకడమే. మొదట డబ్బు తీసుకుని కుక్కల్ని ఉంచుకునే ఒక జంట ఇంటికి వెళ్తాడు. ఈ సన్నివేశాన్ని ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. పిల్లనిచ్చే ముందు వియ్యంకుడి ఇల్లు చూడబోయిన తండ్రిలా ఆయన అక్కడ ప్రతిదీ కళ్లతోనే తడుముతాడు. ఉన్న కుక్కలు ఎలా ఉన్నాయి, ఇంటివాళ్ల చూపు కుక్క మీద ఉందా డబ్బు మీద ఉందా, పెద్ద కుక్క గుర్రుమంటే ఫ్లైక్ ఎక్కడ నక్కింది. మాటలు మర్యాదగానే సాగుతుంటాయి. మనిషి మాత్రం లోపల్లోపల వెనక్కి నడుస్తుంటాడు. చివరికి కుక్కను తీసుకుని వచ్చేస్తాడు. చావడానికి పోతున్నవాడు కూడా కుక్కనిచ్చే ఇంటి విషయంలో రాజీపడడు.

తర్వాత పార్కులో తెలిసిన చిన్నపిల్ల దనియేలా కనిపిస్తుంది. ఫ్లైక్ అంటే దానికి ప్రాణం, ఇస్తానంటే ఎగిరి గంతేస్తుంది. వెంట ఉన్న ఆయా ఒప్పుకోదు, అక్కడితో ఆ దారి మూసుకుపోతుంది. పెద్ద కుక్కను ఇంకో ఇంటికి పంపే పని మీద తిరిగినవాళ్లెవరికైనా ఈ ఆయా తెలుసు. పిల్లలు సరేనంటారు, నాన్న సరేనంటాడు, ఇంట్లో రోజూ తుడిచేదీ ఎత్తిపోసేదీ ఎవరో ఆవిడ వద్దంటుంది. ఆవిడ మాటే నిజం కూడా. ఉంబెర్తో కుక్కను పిల్లతో ఆడుకోనిచ్చి మెల్లగా జారుకుంటాడు, చిన్న వంతెన కింద దాక్కుంటాడు. ఫ్లైక్ వాసన పట్టుకుంటూ వచ్చి పట్టేస్తుంది.

ఇక మిగిలింది కుక్కను చంకలో పెట్టుకుని రైలు కింద పడటం. గేటు దగ్గర నిలబడతాడు, రైలు వస్తుంది. ఫ్లైక్ గింజుకుని, కుయ్యోమని అరిచి, చేతుల్లోంచి దూకి పారిపోతుంది. రైలు వెళ్లిపోతుంది. మొదటి ఇంటిని ఉంబెర్తో కాదన్నాడు. రెండో ఇల్లు ఆయన్ను కాదంది. మూడోసారి కాదన్నది కుక్క. కథంతా మనుషులు దాని గతి నిర్ణయిస్తుంటే, ఒక్కసారి దానికి ఓటు దొరికింది, బతుకుకు వేసింది. ఆ తర్వాత జరిగేది ఇంకా గొప్పగా ఉంటుంది. ఫ్లైక్ ఇప్పుడు ఆయన్ను నమ్మదు. పిలిస్తే రాదు, చెట్టు చాటు నుంచి చూస్తుంది. ఉంబెర్తో ఒక పైన్ కాయ ఏరి, ఊపుతూ, విసురుతూ, బతిమాలుతూ దాన్ని దగ్గరకు తెచ్చుకోవాలి. తెచ్చుకుంటాడు, ఇద్దరూ ఆడుకుంటూ చెట్ల మధ్య దూరంగా పోతారు. దెబ్బతిన్న కుక్కను ఇంటికి తెచ్చుకున్నవాళ్లు మొదటి వారమంతా చేసే పని సరిగ్గా ఇదే. నీ కుక్క, నువ్వే పెంచినది, అయినా నమ్మకం మళ్లీ సున్నా నుంచి కట్టాలి. డి సికా దీన్ని ఎవరైనా చెప్తే తీశాడో, కుక్కను చూసి తీశాడో గాని, తప్పు పట్టడానికి ఏమీ లేదు.

అయితే ఈ ముగింపు మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. గది పోయింది, డబ్బు లేదు, రేపు రాత్రికి ఇద్దరూ ఎక్కడ పడుకుంటారు? సినిమా ఆ ప్రశ్నను తెరిచి ఉంచిందంటారు మెచ్చుకునేవాళ్లు. నాకేమో కుక్క ప్రేమ ఆ ప్రశ్నకు అడ్డంగా వచ్చి నిలబడిందనిపిస్తుంది. చివరి ఆటలో మనం కరిగిపోతాం, లెక్క మరిచిపోతాం. ధర్మరాజు కథలోనూ ఇదే కిటుకు. వదలనన్నాడు, వదలకపోవడమే పరీక్ష, నెగ్గాడు. అక్కడైతే కుక్క చివరికి కుక్కగా కూడా మిగలదు, ధర్మదేవతగా మారిపోతుంది. దానికి ముసలితనం రాదు, మోకాళ్లు నొప్పెట్టవు, రాత్రి మూడింటికి లేచి గదంతా తిరగదు.

రైకార్ట్ ఈ కిటుకును ఒప్పుకోదు. లూసీ దొరికిందని బందెలదొడ్డి వాళ్లు చెబుతారు. ఒకాయన ఇంట్లో ఫోస్టర్‌లో ఉందట. వెండీ టాక్సీ కట్టించుకుని వెళుతుంది. పెరడు, పచ్చిక, ఇనుప తీగల కంచె, కంచె అవతల లూసీ. కుక్క పరుగెత్తుకొస్తుంది, తోక ఆడిస్తుంది. వెండీ కంచె ఇవతలి నుంచే కర్ర విసురుతుంది, లూసీ తెస్తుంది. ఇది మంచి చోటని, డబ్బు సంపాదించుకుని తిరిగొస్తానని చెప్పి, గేటు తీయకుండానే వెళ్లిపోతుంది. తర్వాత గూడ్సు బండెక్కుతుంది. అంతే. కారు బాగుచేయించడానికి అయ్యే ఖర్చు కారు ఖరీదును మించిపోయిందని మెకానిక్ అంతకుముందే చెప్పేశాడు.

ఫ్లైక్ ఉంబెర్తోను వెంటాడి పట్టుకుంది. లూసీ వెంటాడలేదు. కంచె ఉంది గనుకా? ఉన్నా అది ఏడ్చి గోల చేసేలా తీయొచ్చు, మన సినిమాల్లోనైతే కంచె దూకించేవాళ్లం. రైకార్ట్ అలా తీయలేదు. లూసీ ఆమె సొంత కుక్క, 2006లో తీసిన 'ఓల్డ్ జాయ్'లోనూ ఉంది. కాన్ చిత్రోత్సవంలో కుక్కల నటనకు సరదాగా ఇచ్చే పామ్ డాగ్ బహుమతి 2008లో దానికే దక్కింది. దాంతో ఏ హావభావమైనా పలికించుకోగల దర్శకురాలు దాన్ని మామూలు కుక్కలా, కర్ర విసిరితే సంతోషించే కుక్కలా ఉంచేసింది. కుక్క కొత్త ఇంట్లో బాగానే ఉండగలదన్న నిజం, ప్రేమించినవాళ్లకు ఎంత చేదుగా ఉంటుందో అంత చేదుగానూ చూపించింది. కుక్కను విదేశానికి తీసుకెళ్లలేక హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంకొకరికి అప్పజెప్పి వెళ్లిన కుటుంబాలు ఈ దృశ్యాన్ని తట్టుకోలేవు. 2024 ఆగస్టు నుంచి అమెరికా పెట్టిన రేబిస్ నిబంధనలు మన దేశం నుంచి కుక్కను తీసుకెళ్లడాన్ని ఇంకా కష్టం చేశాయి. పదేళ్ల ల్యాబ్‌ను విమానం అడుగున అంతదూరం పంపడానికి మనసొప్పని డాక్టర్లూ ఉన్నారు. వీడియో కాల్‌లో పాత కుక్క కొత్త ఇంటి సోఫా మీద వెల్లకిలా పడుకుని కనిపిస్తే నవ్వాలో ఏడవాలో తెలియనివాళ్లకు రైకార్ట్ ఏమీ చెప్పదు. వాళ్లు చేసింది వదిలేయడమో అప్పజెప్పడమో తేల్చదు.

నేను తేలుస్తాను. వెండీ చేసింది వదిలేయడం కాదు. ఆమె ఇల్లు చూసింది, పెరడు చూసింది, కుక్క ఒళ్లు చూసింది, ఆ తర్వాతే వెళ్లింది. రాత్రిళ్లు హైవే మీద కారు ఆపి, డోర్ తీసి, కుక్కను దించి పోతారే, అది వదిలేయడం. మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడాన్ని నేరమే అంటుంది. మొదటి నేరానికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా. ఆ యాభైని ఇంతవరకు ఎవరూ పెంచలేదు.

వెండీ మీద సినిమా వేసిన అసలు భారం వేరే ఉంది, దాన్ని విమర్శకులు తేలిగ్గా దాటేశారనిపిస్తుంది. దుకాణంలో ఆమెను పట్టించిన కుర్రాడు ఒక మాట అంటాడు: కుక్కకు తిండి కొనలేనివాళ్లు కుక్కను పెంచుకోకూడదు. మెడలో శిలువ వేసుకున్న, రూలంటే రూలే అనే రకం. ప్రేక్షకులందరికీ వాడంటే మంట. చివరికి చూస్తే వెండీ చేసింది వాడి మాట నెగ్గించడమే. తిండి కొనలేను గనుక కుక్క నాకొద్దు. రైకార్ట్ కుర్రాణ్ని దుర్మార్గుడిగా తీసి, వాడి న్యాయాన్నే ముగింపులో అమలు చేయించింది. ఇది సినిమా లోపమా, లోతా అని చాలాసార్లు తర్కించుకున్నాను. లోతేనని ఇప్పుడు నమ్ముతున్నాను, ఎందుకంటే ఆ కుర్రాడి న్యాయం నిజ జీవితంలో దుష్టుల దగ్గర కంటే మంచివాళ్ల దగ్గరే ఎక్కువ కనిపిస్తుంది.

మన నగరాల్లో కుక్కను దత్తత ఇచ్చే బృందాల ఫారం ఒకసారి చదవండి. ఇల్లు సొంతమా, అద్దెదా? అద్దెదైతే ఓనరు అనుమతి ఉందా? పెళ్లయిందా? ఉద్యోగమేమిటి? రోజుకు ఎన్ని గంటలు కుక్క ఒంటరిగా ఉంటుంది? ఊరెళితే ఎవరు చూస్తారు? ఇంతకుముందు కుక్క ఉంటే అదేమైంది? తర్వాత ఆధార్ కాపీ, ఇల్లు చూసే రాకడ, ఆపరేషన్ చేయిస్తానన్న సంతకం. ఈ ప్రశ్నలు ఊరికే పుట్టలేదు. కుక్కపిల్లను మోజుపడి తీసుకెళ్లి, మూడు నెలలకు కాలనీ చివర వదిలేసినవాళ్లే వీటిని పుట్టించారు. అయినా ఆ ఫారంలో ఉంబెర్తో నెగ్గడు: అద్దెగది, బాకీ, ముసలితనం. వెండీ మొదటి గడి దగ్గరే ఆగిపోతుంది. '777 చార్లీ' నాయకుడు ధర్మ కూడా అంతే: ఒంటరివాడు, కుక్కల్ని ఒప్పుకోని కాలనీ, పని ముగిస్తే సిగరెట్టు, బీరు. తెరమీద నేను చూసిన ముగ్గురు మంచి కుక్కల మనుషుల్ని మన ఫారం తిప్పి పంపేస్తుంది. ఫారం తీసేయమని నేననను. పెంపకపు జంట ఇంట్లో ఉంబెర్తో చూపులతో నింపింది కూడా ఫారమే, ఇంకా కఠినమైంది. తేడా ఏమిటంటే ఆయన ఆస్తి అడగలేదు, కుక్క భయపడిందా అని చూశాడు.

'777 చార్లీ' మొదటి గంట నాకు ఇష్టం. మైసూరులో ఫ్యాక్టరీ పనివాడు ధర్మ. బ్రీడర్ దగ్గర్నుంచి తప్పించుకున్న ల్యాబ్ పిల్ల అతని వీధికి చేరుతుంది, దెబ్బ తగిలితే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లక తప్పదు. ఎవరైనా దత్తతకు దొరికేదాకా ఉంచుకోమంటారు. అంటే ఈ కథ ఫోస్టర్‌తోనే మొదలవుతుంది. వాడికి కుక్క వద్దు, వాడి ఇంట్లో కుక్క ఉందని కాలనీకి తెలియకూడదు, అది చెప్పులు కొరుకుతుంది, ఇల్లు పాడు చేస్తుంది. ఈ చికాకుల్లో నిజం ఉంది. ఇష్టం లేకుండా తెచ్చుకున్నది ఇష్టమయ్యే క్రమాన్ని ధర్మ వేషం వేసిన రక్షిత్ శెట్టి తొందరపడకుండా చేశాడు. ఆ తర్వాత చార్లీకి క్యాన్సర్. దగ్గరి రక్తసంబంధంలో ఈతలు వేయించే బ్రీడర్ల మీద సినిమా గురిపెట్టింది, మంచిదే. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాలు ఆడకుక్కకు పద్దెనిమిది నెలలు నిండాకే ఈతకు పంపాలని, జీవితంలో అయిదు ఈతలు మించకూడదని చెబుతున్నాయి. వాటిని పట్టించుకునే బ్రీడరును వెతకాలి. అయితే కథకు ఆ జబ్బు చేసిన మేలు ఇంకొకటి ఉంది. కుక్క ఎలాగూ పోతోంది గనుక అది ఎక్కడ బతకాలన్న ప్రశ్నే ఉండదు. ధర్మ సైడ్‌కారు కట్టిన బండి మీద దాన్ని మంచు చూపించడానికి హిమాలయాలకు తీసుకెళతాడు. పేరు ధర్మ, వెంట కుక్క, ముందు మంచుకొండ, భారతం గుర్తుకు రావాలనే పెట్టారు. వచ్చింది కూడా. అప్పట్లో కర్ణాటక ముఖ్యమంత్రిగా ఉన్న బసవరాజ్ బొమ్మై సినిమా చూసి అందరి ముందూ ఏడ్చారు. నేనూ కళ్లు తుడుచుకున్నాను. బయటికొచ్చాక మాత్రం మోసపోయిన భావన. చనిపోయే కుక్క కోసం ఏడవటం అందరికీ వస్తుంది. చనిపోని కుక్క, ఇంకో అయిదేళ్లు బతికే కుక్క, నెలకు మందుల బిల్లు తెచ్చే కుక్క, దాన్ని ఎవరుంచుకుంటారన్న కథకు అంత గిరాకీ లేదు.

ఆ గిరాకీ లేని కథలోనే నాకు రైకార్ట్ మీద ఫిర్యాదు కూడా ఉంది. ఆ పెరడుగల ఇంటాయన ఎవరు? సినిమా ఆయన్ను దాదాపు చూపించదు. వెండీ మనసు తేలికపడటానికి ఒక పచ్చిక చాలు, అందుకని పచ్చిక ఇచ్చారు. కానీ లూసీ ఆ ఇంట్లో మొదటి రాత్రి ఏం చేసింది? రెస్క్యూ పని చేసేవాళ్లు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతారు. మూడు రోజులు భయం, మూడు వారాలకు ఇంటి వేళలు పట్టుబడటం, మూడు నెలలకు ఇది నా ఇల్లే అనుకోవడం. అనుభవం మీద కట్టుకున్న లెక్కే, శాస్త్రమేమీ కాదు. వయసు మీదపడ్డ కుక్కకైతే ఇంకా ఎక్కువ పట్టొచ్చు. మొదటి రోజుల్లో అది మంచం కింద దూరి తిండి ముట్టదు. గేటు చప్పుడైతే పరుగెత్తి, వచ్చింది తనవాళ్లు కాదని తెలిసి వెనక్కి తిరుగుతుంది. నున్నటి టైల్స్ మీద వెనక కాళ్లు జారతాయి, గోనెసంచులో పాత దుప్పట్లో పరవాలి. లిఫ్టు లేని మూడో అంతస్తైతే రోజుకు నాలుగుసార్లు ఎత్తుకుని దిగాలి. మొదటి వారంలోనే రక్తపరీక్ష చేయించాలి, ఎందుకంటే వీధి చూసిన కుక్కలో టిక్ ఫీవర్ చాపకింద నీరులా ఉండొచ్చు. పళ్ల మీద గార, కంటిపాపలో నీలిపొర చూసి డాక్టరు వయసు అంచనా కడతారు, ఆ అంచనా రెండేళ్లు అటూ ఇటూ పోతుంది. ఇంత చేసిన మనిషి చివరికి దాన్ని ఇంకో ఇంటికి పంపాలి, ఎందుకంటే ఆయన ఇల్లు మజిలీ మాత్రమే. హైదరాబాద్‌లో బ్లూక్రాస్‌ను అక్కినేని అమల, నాగార్జున 1992లో మొదలుపెట్టినప్పటి నుంచీ ఈ ఊళ్లో ఇలాంటి మజిలీ ఇళ్లు నడుస్తూనే ఉన్నాయి. వీటి మీద ఒక తెలుగు కథ కూడా నా కంటపడలేదు.

ప్రపంచమంతా తెలిసిన ఒక కుక్క కథ నిజానికి ఈ మజిలీ కథే, మనమే దాన్ని వేరేగా చదివాం. జపాన్‌లో షిబుయా స్టేషన్ దగ్గర ఎదురుచూసిన హచికో. ప్రొఫెసర్ ఉఎనో 1925 మేలో హఠాత్తుగా చనిపోయాడు. ఇల్లు కదిలిపోయింది, కుక్క బంధువుల ఇళ్లకు మారింది, ఒకచోట ఇమడక ఇంకో చోటికి వెళ్లింది. చివరికి దాన్ని చేరదీసింది ప్రొఫెసర్ దగ్గర తోటమాలిగా పనిచేసిన కోబయాషి. స్టేషన్‌కు దగ్గర్లోనే ఆయన ఇల్లు. హచికో అక్కడ తిని, అక్కడ పడుకుని, స్టేషన్‌కు పోయి వచ్చేది. 1935 మార్చిలో చనిపోయేదాకా అంతే. 1934లోనే దానికి విగ్రహం పెట్టారు. సినిమాలన్నీ స్టేషన్ ముందు నిలబడ్డాయి. తోటమాలి ఇంటి లోపలికి వెళ్లిన సినిమా నేను చూడలేదు. తన చేతి తిండి తిని రోజూ ఇంకొకరి కోసం బయల్దేరే కుక్కను ఏళ్ల తరబడి ఇంట్లో ఉంచుకున్న మనిషి ఏమనుకునేవాడో, ఒక్క సాయంత్రమైనా చిన్నబుచ్చుకున్నాడో లేదో చెప్పే సన్నివేశం డి సికా చేతికి అందలేదు, అందితే ఆయన కుక్క వైపు వెళ్లేవాడు. రైకార్ట్‌ది మనిషిని చూసే కన్ను. 2016లో తీసిన 'సర్టెన్ విమెన్'ను లూసీకే అంకితమిచ్చింది కూడా. వెండీ వెళ్లిపోయిన సాయంత్రం ఆ ఇంటాయన పని నుంచి వచ్చి గేటు తెరిచే చోట మొదలయ్యే సినిమాను ఆమె ఇంకా తీయలేదు, తీస్తే మొదటి టికెట్టు నాదే.